పులీ మేకా, ఒక లేజరు గీతా



శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో షీల్డులు, మెమెంటోలు, ఇంటి గుమ్మానికి పేరుపలకలు చేసే దుకాణానికి మీరు ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళే ఉంటారు. అలాంటి కొన్ని దుకాణాల్లో, వెనకగదిలో, రంగు మూత ఉన్న పెద్ద పెట్టె ఒకటి కనిపిస్తుంది. పలకను లోపల పెట్టి, మూత వేసి, మీట నొక్కితే చిన్న తల ఒకటి ఆ పలక మీద అటూ ఇటూ పరుగులు తీస్తుంది. కాస్త పొగ వస్తుంది, కాలిన చెక్క వాసన వస్తుంది. మూత తీసేసరికి పలక మీద ఒక దేవుడి బొమ్మో, ఒక నాయకుడి బొమ్మో, కింద "ఆత్మీయ సత్కారం" అన్న మాటలో అచ్చుగుద్దినట్టు పడి ఉంటాయి. అదే లేజర్ కట్టర్.

అంత నేర్పున్న యంత్రం మన దగ్గర పొద్దస్తమానం సన్మానాలు చేస్తోంది. సన్మానాల మీద నాకేమీ కోపం లేదు. వాటి పలకలు మా ఇంట్లోనూ ఉన్నాయి, బీరువా మీద, దుమ్ము పట్టి. కానీ ఆ యంత్రానికి అంతకంటే మంచి పని ఒకటి ఉందనీ, ఆ పనికి కావలసిన సరుకు మన అరుగుల మీదే ఉండేదనీ చెప్పాలని ఈ పూట వచ్చాను. ఆ పని పులీ మేకా, దాడి, అష్టా చెమ్మా, వామనగుంటలు అనే ఆటలకు పలకలు చేయడం. ఆ తర్వాత ఇంట్లోకి కావలసిన ఒకటి రెండు వస్తువులు.

ముందు యంత్రం సంగతి. చిన్నప్పుడు భూతద్దాన్ని ఎండలో పట్టి కాగితం కాల్చని వాళ్ళుండరు. ఇదీ అలాంటి పనే, కాకపోతే ఇక్కడ సూర్యుడు ఒక గాజుగొట్టంలో ఉంటాడు. ఆ గొట్టంలో కార్బన్ డయాక్సైడు, నైట్రోజన్, హీలియం కలిపి నింపుతారు. ఎక్కువ వోల్టేజీ కరెంటు పంపితే అందులోంచి కంటికి కనిపించని కిరణం వస్తుంది. అద్దాలు దాన్ని మలుపులు తిప్పి తీసుకొస్తాయి, చివర ఒక కటకం దాన్ని సూదిమొనంత చోటికి కుదిస్తుంది. ఆ మొన తగిలినచోట చెక్క కాలి ఆవిరైపోతుంది. ఈ కార్బన్ డయాక్సైడు లేజరును 1964లో అమెరికాలో, బెల్ లాబ్స్‌లో, కనిపెట్టినాయన కుమార్ పటేల్. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణె ఇంజనీరింగు కాలేజీలో చదువుకుని వెళ్ళిన మనిషి. మొట్టమొదటి లేజరు వెలిగింది 1960లో. అంటే నాలుగేళ్ళకే మనవాడు దాన్ని కోత పనికి పనికొచ్చే దారిలో పెట్టాడు. మెమెంటో దుకాణాల వాళ్ళు నిజంగా ఎవరికైనా సన్మానం చేయదలిస్తే ఆయనకే చేయాలి.

ఈ కిరణానికి తెలిసింది ఒక్కటే, గీత. పలక మీద పైపైన గీత గీస్తుంది, కాస్త లోతుగా చెక్కుతుంది, లేదా ఆ గీత వెంట పలకను తెగ్గోస్తుంది. బల్లపరుపుగా ఉన్న పలక మీద చేసే పని ఏదైనా దానికి చేతనవును. తొలిచే పని, తిప్పి నునుపు చేసే పని మాత్రం దాని వల్ల కావు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణ చేసేవారు పనసమానును లోపలంతా తొలిచి, కుండనూ దండినీ ఒకే మొద్దులోంచి తీస్తారు. ఏ లేజరూ ఆ పనికి దరిదాపుల్లోకి రాదు. ఏటికొప్పాకలో అంకుడుకర్రను లేత్ యంత్రం మీద తిప్పుతూ, లక్కను ఆ రాపిడి వేడికే కరిగించి రంగు పట్టిస్తారు. ఆ నునుపు కూడా దీనికి రాదు. ఏ పనికి తగిన పనిముట్టు దానికుంటుంది. పొందూరులో నేతకు కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. వేరే దువ్వెన దొరక్క కాదు, ఆ పనికి అదే సరిపోయింది కాబట్టి. కనుక ఏటికొప్పాక బొమ్మలాంటిదాన్ని లేజరుతో ఎలా చేయాలని ఎవరైనా అడిగితే, చేయొద్దంటాను. కొనుక్కోండి, ఆ చేతులకు నాలుగు డబ్బులొస్తాయి.

మరి గీత ఒక్కటే తెలిసిన యంత్రానికి ఏం పని చెప్పాలి? మన పాత ఆటలు చాలావరకు గీతలే కదా! సుద్దముక్కతోనో బొగ్గుతోనో అరుగు మీద గీసుకున్నవే. హంపి మండపాల్లో నేలరాళ్ళ మీద ఇలాంటి ఆటల గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. రాయి మీద ఉలితో గీసినా, అరుగు మీద సుద్దతో గీసినా, పలక మీద కిరణంతో గీసినా ఆట ఒకటే. అరుగులు పోయాయి. ఉన్న అరుగులకు టైల్సు పరిచారు, వాటి మీద సుద్ద నిలవదు. అందుకే పలక కావాలి.

పులీ మేకాతో మొదలుపెడదాం. ఈ బొమ్మ మాటల్లో చెప్పడం కష్టమే, అయినా ప్రయత్నిస్తాను. కాగితం, పెన్సిలు దగ్గరుంటే తీసుకోండి. పైన ఒక చుక్క పెట్టండి, అది కొండ శిఖరం. అక్కణ్ణించి కిందికి విచ్చుకుంటూ నాలుగు గీతలు దింపండి. వాటికి అడ్డంగా నాలుగు గీతలు గీయండి. అట్టడుగు గీతను కొండ అంచుల దగ్గరే ఆపండి. పై మూడింటినీ రెండు వైపులా బయటికి సాగనివ్వండి. అలా సాగిన కొసలను ఇటు ఒక నిలువుగీతతో, అటు ఒక నిలువుగీతతో కలపండి. ఇప్పుడు కూడళ్ళు లెక్కపెట్టండి. శిఖరం 1, సాగిన మూడు గీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగు గీత మీద 4. మొత్తం 23. మూడు పులులు, పదిహేను మేకలు. మేకల్ని ఒక్కొక్కటిగా దింపాలి. అన్నీ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మాత్రం గీత వెంట నడుస్తుంది, పక్కనున్న మేక మీంచి అవతలి ఖాళీ కూడలిలోకి దూకితే ఆ మేక పోయినట్టే. పులులు ఎటూ కదలలేకుండా మేకలు కట్టడి చేస్తే మేకలు గెలిచినట్టు. నేపాలులో దీనికి అన్నదమ్ముల వరస ఆట ఒకటుంది, బాగ్‌చాల్ అంటారు. అక్కడ కూడళ్ళు 25, పులులు నాలుగు, మేకలు ఇరవై.

రెండు పక్షాల బలం వేరువేరుగా ఉండి, రెండింటికీ గెలుపు అందేంత దూరంలోనే ఉండే ఆట ఇది. చదరంగంలో రెండు సేనలూ ఒకలాంటివే. ఇక్కడ ఒకరికి కోరలున్నాయి, ఇంకొకరికి మంద ఉంది. మేకల పక్షాన ఆడేవాడికి తొందరపాటు పనికిరాదు. పులి పక్షాన ఆడేవాడికి ఆకలి ఎక్కువైతే మూలలో ఇరుక్కుంటాడు. పిల్లలకు పులి పక్షమే కావాలి, ఎప్పుడూ అంతే. మేకలతో గెలవడం వచ్చిన పిల్లవాణ్ణి ఇక ఎక్కడికైనా పంపొచ్చని నా నమ్మకం.

ఈ బొమ్మను కంప్యూటరులో గీసి దుకాణానికి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న, "ఏటి మాస్టారూ, ఎవరి పేరు రాయాలి?" అని. పేరేమీ వద్దు నాయనా, పులీ మేకా అంటే, ఒక్క క్షణం తెరవైపు చూసి, "మా తాత ఆడీవోడండి" అన్నాడు. మిగతా సంగతులు చెప్పక్కర్లేకపోయింది. పైపైన గీసే గీతలు గనుక పని నిమిషాల్లో అయిపోతుంది. తెగ్గోయవలసింది పలక చుట్టూ అంచు ఒక్కటే. నిమిషాల లెక్కన డబ్బు తీసుకునే చోట ఈ తేడా గుర్తుంచుకోవాలి. గీతకు పట్టే సమయం తక్కువ. ఒక చోటును నల్లగా నింపమంటే మాత్రం యంత్రం వరసవరసగా తిరిగి తిరిగి నింపాలి, సమయమంతా అక్కడే పోతుంది. సన్మానం బొమ్మలకు ధర పెరిగేది అందుకే.

దాడి ఆటకు ఒకదాంట్లో ఒకటి మూడు చతురస్రాలు, భుజాల మధ్యలను కలుపుతూ నాలుగు చిన్న గీతలు. కూడళ్ళు 24, చెరి తొమ్మిది కాయలు. మూడు ఒక వరసలో పడితే దాడి, ఎదుటివాడి కాయ ఒకటి ఎత్తేయొచ్చు. అష్టా చెమ్మాకు అయిదు అయిదుల 25 గళ్ళు, అందులో అయిదింటికి కత్తెర గుర్తు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. గవ్వలు లేకపోతే చింతపిక్కల్ని ఒకవైపు తెల్లగా వచ్చేదాకా గచ్చు మీద అరగదీసుకుంటే సరిపోతుంది.

వామనగుంటల దగ్గరే చిక్కు వస్తుంది. రెండు వరసల్లో ఏడేసి గుంటలు కావాలి. గుంట అంటే లోతు, లోతు అంటే తొలవాలి, ఈ యంత్రానికి తొలవడం రాదన్నాం కదా. దానికో ఉపాయం ఉంది. మూడు మిల్లీమీటర్ల పలకలు నాలుగు తీసుకుని ఒక్కోదాంట్లో పద్నాలుగు గుండ్రటి కంతలు కోయించండి. పై పలకలో కంతలు పెద్దవి, కిందికి వెళ్ళేకొద్దీ కొంచెం చిన్నవి. అడుగున కంతల్లేని పలక ఒకటి. అన్నీ జిగురుతో అంటించి, రాత్రంతా బరువు పెట్టి ఉంచితే మెట్లుమెట్లుగా దిగిన గుంటలు తయారవుతాయి. గరుకు కాగితంతో మెట్లను కాస్త అరగదీస్తే వేళ్ళకు పిక్కలు సులువుగా అందుతాయి. కోసిన గుండ్రాలు పారేయకండి, దాడి ఆటకు కాయలు అవే. ఉద్దానం వైపు పిల్లలకు జీడిపిక్కలతో ఆడడం అలవాటే గాని, ఈ గుంటల్లోకి చింతపిక్కలే హాయి. జీడిపెంకులో నూనె ఉంటుంది, అది చర్మాన్ని పొక్కిస్తుంది.

ఇంకొక సంగతి ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. చూపులేని వాళ్ళకు పులీ మేకా. సుద్దగీత చేతికి తగలదు. కిరణంతో లోతుగా చెక్కిన గీత తగులుతుంది. పై పలకలో ఇరవైమూడు కూడళ్ళ దగ్గర ఇరవైమూడు కంతలు కోసి, కింద ఇంకో పలక అంటిస్తే ప్రతి కాయా తన కంతలో కూర్చుంటుంది. చెయ్యి పలకంతా తడిమినా కాయ జరగదు. పులులకు మూడు మూలల కాయలు, మేకలకు గుండ్రటివి. కాయల కింద కంతకు సరిపడే చిన్న బిళ్ళ అంటించాలి. ఇందులో కొత్త వస్తువేదీ లేదు, పాత ఆటే, రెండు పలకలే. చూపున్న తమ్ముడూ లేని అన్నా ఎదురెదురుగా కూర్చుని, ఎవరికీ ఎవరూ మినహాయింపు ఇవ్వకుండా ఆడుకోవచ్చు.

ఇక ఇంట్లో వస్తువులు. వీటి దగ్గర కొంచెం నోరు కట్టుకోవాలి. చేయగలం కదా అని ప్రతిదీ చేస్తే ఇల్లు నిండా చెక్కముక్కలే మిగులుతాయి. నా ఉద్దేశంలో ముందుగా చేయదగింది వ్యాసపీఠం. పుస్తకం పెట్టుకునే ఆ కత్తెర ఆకారం పీట నిజానికి ఒకదాని గాడిలో ఒకటి దూరే రెండు పలకలే. విడదీసి సంచిలో పెట్టుకోవచ్చు. ఇప్పుడు దాని మీద సెల్‌ఫోను కూడా నిలబడుతుంది, వ్యాసులవారు ఏమీ అనుకోరు. రెండోది సంక్రాంతికి పనికొచ్చేది, చుక్కల పలక. పలకలో సమదూరంలో కంతలు ఉంటాయి. నేల మీద పెట్టి పైన ముగ్గుపొడి చల్లి ఎత్తేస్తే చుక్కలు తీరుగా పడతాయి. చుక్కల్ని కలిపే పని మాత్రం చేతికే వదిలేయాలి. ముగ్గంతా కోసిన అచ్చులు బజారులో దొరుకుతున్నాయి గాని, అవి వేసినవాళ్ళకు ముగ్గు రాదు.

గాళ్ళతో బిగించే వస్తువులకు ఒక కిటుకు ఉంది. మూడు మిల్లీమీటర్లని అమ్మిన పలక కచ్చితంగా మూడుండదు, కొంచెం తక్కువే ఉంటుంది. దానికితోడు కిరణం వెళ్ళిన దారిలో సుమారు ఐదో వంతు మిల్లీమీటరు చెక్క ఆవిరైపోతుంది. కాబట్టి బొమ్మలో మూడు మిల్లీమీటర్ల గాడి పెడితే వస్తువు వదులుగా ఊగుతుంది. పలక మందం కొలిచి, ఒక చిన్న ముక్కలో రెండు మూడు కొలతల గాళ్ళు కోయించి, ఏది బిగుతుగా ఉందో చూసుకుని అప్పుడు అసలు పలక మీదికి వెళ్ళాలి. వడ్రంగులకు ఇది చెప్పనక్కర్లేదు.

తెలుగు అక్షరాల సంగతి కూడా చెప్పుకోవాలి. మనవి గుండ్రాల అక్షరాలు. సున్నను తెగ్గోస్తే మధ్యలో ఉన్న చెక్క కాస్తా ఊడి కిందపడుతుంది, సున్న పోయి కంత మిగులుతుంది. ఠ లోపలి చుక్కదీ అదే కథ. అందుకని పేర్లు చెక్కించండి గాని కోయించకండి. కోయించక తప్పకపోతే లోపలి ముక్కను పట్టుకునేలా సన్నటి వంతెనలు వదలాలి. ఇంకా, బొమ్మను ఇంట్లో ఇంక్‌స్కేప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరులో గీసేవాళ్ళు అక్షరాలను ముందే గీతలుగా మార్చి పెన్‌డ్రైవులో వేసుకోవాలి. లేకపోతే దుకాణం కంప్యూటరులో ఆ ఫాంటు ఉండదు, వత్తులూ గుణింతాలూ ఎక్కడివక్కడ విడిపోయి కూర్చుంటాయి.

ఏ పలక తీసుకోవాలన్నది మన వాతావరణాన్ని బట్టి ఉంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఎండీఎఫ్ తేమకు ఉబ్బుతుంది. వంటింట్లో అసలు పెట్టకండి. నీళ్ళకు పాడవదని అమ్మే ఖరీదైన ప్లైవుడ్‌లో జిగురు గట్టిది, ఆ పొరల దగ్గర కిరణం తడబడి అంచు బొగ్గవుతుంది. మామూలు సన్నటి ప్లై తీసుకుని, కోసిన తర్వాత అన్ని అంచులకూ వార్నిషు పట్టిస్తే నిలుస్తుంది. అక్రిలిక్ చక్కగా తెగుతుంది, అంచు గాజులా మెరుస్తుంది, కాకపోతే పొయ్యి పక్కన పెడితే మెత్తబడి వంగిపోతుంది. అట్లకాడ, చపాతీపీట లాంటివి ప్లైవుడ్‌తో వద్దు, జిగురూ మసీ తిండిలోకి వస్తాయి. ఇనుము, స్టీలు కోయడం ఈ పెట్టె వల్ల కాదు, దానికి వేరే రకం లేజరుంది. కంచు ఇత్తడి సామాను కావాలంటే సారవకోట దగ్గర బుడితి ఉండనే ఉంది.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి, ముఖ్యంగా దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్ళకు. ఫ్లెక్సీ ముక్కలు, బోర్డులకు వాడే తెల్లటి ఫోము పలకలు, రెక్సిన్ అక్కడ ఎప్పుడూ పడి ఉంటాయి. వాటిలో చాలావరకు పీవీసీ. దాన్ని ఈ కిరణం కింద పెడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది, యంత్రాన్ని కూడా తుప్పు పట్టిస్తుంది. ఎవరెంత బతిమాలినా దాన్ని కోయకూడదు. యంత్రం నడుస్తుండగా టీ తాగడానికి బయటికి వెళ్ళకూడదు, చెక్క అంటుకోవడానికి క్షణం చాలు. ఇళ్ళలో వాడుకోవడానికి ఆన్‌లైనులో దొరికే చిన్న నీలికాంతి లేజర్లకు చాలావాటికి మూతే ఉండదు. వాటికి తగిన కళ్ళద్దాలు లేకుండా, పిల్లలు తిరిగే గదిలో వాటిని నడపడం నా దృష్టిలో తప్పే. మామూలు నల్లకళ్ళద్దాలు అందుకు పనికిరావు. మేలో మన ఎండలకు గాజుగొట్టాన్ని చల్లబరిచే నీళ్ళే వేడెక్కిపోతాయి. ఆ రోజుల్లో పెద్ద పని పెట్టుకోకపోవడం మంచిది.

ఇలాంటి యంత్రాలు అందరి చేతికీ అందాలన్న ఆలోచన అమెరికాలో ఎంఐటీ ఆచార్యుడు నీల్ గెర్షెన్‌ఫెల్డ్‌ది. ఆ ఆలోచనతో పుట్టిన ఫ్యాబ్ ల్యాబులనే పనిశాలల్లో తొలినాళ్ళది ఒకటి 2002లో మన దేశంలోనే, పుణె దగ్గర పాబళ్ అనే పల్లెలో, విజ్ఞాన ఆశ్రమంలో వెలిసింది. నగరంలో కాదు, గమనించండి. హైదరాబాదులో 2023లో టీ-వర్క్స్ తెరిచారు, అక్కడ కొత్త వస్తువుల నమూనాలు చేసుకోవడానికి పెద్ద పెద్ద యంత్రాలున్నాయి. పాలకొండ నుంచో పార్వతీపురం నుంచో ఒక పులీ మేకా పలక కోసం అంతదూరం ఎవరూ పోనక్కర్లేదు. దగ్గర టౌనులో మెమెంటో దుకాణం ఉంటే చాలు. పెళ్ళిళ్ళు, సన్మానాలు లేని ఆషాఢంలో వెళ్తే వాళ్ళకూ తీరిక, మీకూ బేరం కలిసొస్తుంది.

పలక తయారయ్యాక పులుల సంగతి మిగిలింది. వాటిని లేజరుతో కోయిస్తే బల్లపరుపు బిళ్ళలొస్తాయి, పులిలా ఉండవు. మూడు పులుల్ని ఏటికొప్పాక చేతిపనిలో చేయించుకోండి, చేతికి నిండుగా ఉంటాయి. మేకలకు పిక్కలు చాలు.

దుకాణానికి వెళ్ళే ముందు ఇంకొక పని ఉంది. ఇందాక నేను చెప్పిన బొమ్మే అంతటా ఉండాలని లేదు. గీతలూ, మేకల లెక్కా, పులి ఎప్పుడు దూకవచ్చన్న నియమమూ ఊరూరికీ కొంచెం మారతాయి. మీ ఊళ్ళో ఈ ఆట ఆడిన పెద్దవాళ్ళెవరో కనుక్కుని, వాళ్ళ చేతికి కాగితం పెన్సిలు ఇచ్చి గీయించుకోండి. నియమాలు కూడా అడిగి పలక వెనకవైపు రాయించండి. ఇద్దరు పెద్దవాళ్ళు రెండు రకాలుగా చెబితే రెండు పలకలు చేయించండి.